ఐఫోనూ, ఆయమ్మ ఫోనూ, నా నోరూ

ఇప్పుడు నా సంచీలో రెండు ఫోన్లుంటాయి. ఒకటి పెళ్ళిళ్ళకు, ఒకటి బడికి. పెళ్ళిళ్ళది ఐఫోను, బడిది ఆండ్రాయిడు. రెండు పెళ్ళాల మొగుడి బతుకంటే ఏమిటో నాకు ఈ వయసులో తెలిసొచ్చింది. ఒకదానికి ఛార్జింగు పెడితే రెండోది చచ్చి ఊరుకుంటుంది. ఇంత అవస్థ ఎందుకమ్మా అని అడిగేవాళ్ళకు నేను సగమే చెబుతుంటాను. మిగతా సగం ఇది.

నేను సర్కారు బడిలో పంతులమ్మని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా బెల్లు మోగాక గేటు దాటింది లేదు. నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం వైపున్న మా బడికి స్కూటీ మీద వెళ్ళాలి. దారిలో రొయ్యల లారీలు అడ్డం పడతాయి, వానొస్తే రోడ్డేదో గుంటేదో తెలీదు. అయినా ఆలస్యం అన్న మాట నా జాతకంలో లేదు. ఇరవై రెండేళ్ళ కష్టానికి నేను సంపాదించుకున్న ఆస్తి ఒక్కటే, ఎవరినైనా తిట్టే హక్కు. దాన్ని నేను బాగానే వాడుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఊరు మంచిది కాకపోవడానికి కొంత కారణం నేనే అయ్యుండవచ్చు.

మా బడిలో పెద్దవాళ్ళం ముగ్గురమే. హెడ్మాస్టరు గారు, నేను, మధ్యాహ్నం భోజనం వండే ఆయమ్మ. హెడ్మాస్టరు గారు మంచివారు, కానీ గడియారం ఆయనకు అలంకారం. ఆరేళ్ళుగా నేనాయన్ని రోజూ గేటు దగ్గరే కడిగేసేదాన్ని. ఆయన తలవంచుకుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి పోయేవారు. ఆయమ్మకు చదువు రాదు గానీ ఆమె చేతి సాంబారు తిన్న పిల్లలు ఇంట్లో అన్నం ముట్టరు. ఆమె ఒకరోజు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పైగా ఆ రోజే, వంట మధ్యలో పొయ్యి దగ్గర నిలబడి ఫోనులో వీడియో తీస్తూ కనిపించింది. అంతే, పిల్లల ముందే పట్టుకుని తిట్టాను. ఆ రోజు నుంచీ నా రూలు ఏమిటంటే, ఆయమ్మ ఫోను పొద్దున రాగానే బీరువాలోకి పోవాలి, భోజనాలయ్యాకే బయటికి రావాలి. బీరువా తాళంచెవి నా నడుముకే ఉంటుంది.

ఇక ఐఫోను సంగతి. మా తోడికోడలు నాకంటే ముందే కొనేసింది. ఐఫోను వాళ్ళను గుర్తుపట్టడం చాలా తేలిక. బల్ల మీద ఫోను బోర్లా పెడతారు, వెనకనున్న కొరికిన పండు అందరికీ కనపడాలని. ఎవరు ఫోను చేస్తున్నారో వాళ్ళకు అక్కర్లేదు. మాబోటి ఆండ్రాయిడ్ వాళ్ళం వెల్లకిలా పెట్టుకుంటాం, ఎవరు చేసినా తీయాలి గనక. నెల్లూరులో మా ఆడబిడ్డ మనవడికి చెవులు కుట్టించినప్పుడు చుట్టాలందరూ ఫోటోకి వరసగా నిలబడ్డారు. నేను ముచ్చటపడి నా ఫోను తీశాను. మా తోడికోడలు నవ్వుతూ, అందరికీ వినపడేలా అంది.

"నీ ఫోన్లో వద్దులే అక్కా. మొహాలకు సున్నం కొట్టినట్టొస్తాయి."

చుట్టాలు నవ్వారు. మా అత్తగారు కూడా నవ్వింది. ఆమెకు పళ్ళు లేవు, ఆ నవ్వు ఇంకా మండించింది. నిజానికి ఆ సున్నమే నాకు ఇష్టం. నా ఫోను నన్ను పదేళ్ళు చిన్నదాన్ని చేసి చూపించేది, మచ్చలూ ముడతలూ తుడిచేసేది. ఇంట్లో ఒక్క మనిషైనా చేయని మర్యాద అది. కానీ ఆ రోజు అందరి ముందూ ఫోను సంచీలో పెట్టేసుకున్నాను, లోపల మటుకు నిశ్చయం చేసేసుకున్నాను.

మా ఆయన రైసు మిల్లులో గుమస్తా. బస్తాలోంచి నాలుగు గింజలు లాగి అరచేతిలో వేసుకుని చూడందే బియ్యం మంచివని ఒప్పుకోడు. ఆయన ఒక్క మాటే అన్నాడు, మీ బడి యాప్‌లు అందులో వస్తాయో రావో కనుక్కోమని. అంత ఖరీదైన ఫోనులో రానిదంటూ ఉంటుందా, మీ మిల్లు బుద్ధి మిల్లులోనే పెట్టుకోండి అని నోరు మూయించాను. ట్రంకు రోడ్డులో ఒక షాపుకు పోయాం. ఆ షాపతను ఏ రంగు కావాలని నాలుగుసార్లు అడిగాడు. ఏ పని చేస్తారని ఒక్కసారీ అడగలేదు. పాత ఫోను ఎక్స్ఛేంజీలో ఇచ్చేశాను. దాన్ని బల్ల మీద పెట్టి వస్తుంటే ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, పదేళ్ళు చిన్నదాన్ని అక్కడే వదిలేసి వస్తున్నట్టు. ఆ సాయంత్రమే కొత్తదాంట్లో నన్ను నేను ఫోటో తీసుకుని చూసుకున్నాను. మా అమ్మ కనపడింది.

మర్నాడు బడికి పోయేసరికి అసలు సంగతి తెలిసింది. మా శాఖలో హాజరు వేసుకోవడం కాగితం మీద కాదు, ఫోనులో. బడి ఆవరణలోనే నిలబడి, తొమ్మిది లోపల యాప్ తెరిచి, గుండ్రటి గీతలో మొహం పెట్టి, కళ్ళార్పమంటే ఆర్పాలి. పచ్చ టిక్కు పడితే వచ్చినట్టు. తొమ్మిది దాటితే ఆలస్యం. మూడు ఆలస్యాలకు ఒక సెలవు పోతుంది. అప్పట్లో ఆ యాప్‌ను ఆండ్రాయిడ్‌కే తయారు చేశారు. నా ఐఫోనులో ఎంత వెతికినా లేదు. పొద్దున లేస్తే నా మొహాన్ని చీకట్లో కూడా గుర్తుపట్టే ఫోను, ఆ మొహం బడికొచ్చిందని మటుకు ఎవరికీ చెప్పలేదట. నేను బడిలోనే నిలబడి ఉన్నాను, సర్కారు లెక్కలో లేను.

హెడ్మాస్టరు గారిది ఆండ్రాయిడు. ఒకే ఫోనులో ఇద్దరం వేసుకోవచ్చు. ఆయన ఆ విషయం చెప్పడానికి ముందు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు భుజాలు కదిలించారు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నారు.

"ఇంతకాలం మీరు నన్ను చూసినారు మేడమ్. ఇక నాకోసం చూడండి."

అన్నట్టే అయింది. పొద్దున ఎనిమిదిన్నరకే గేటు దగ్గర నిలబడి ఆయన బండి కోసం రోడ్డు వైపు చూడడం నా పని. ఆయన తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా వచ్చేవారు. బండి స్టాండు వేసి, సీటు తుడిచి, కళ్ళద్దాలు తుడిచి, అప్పుడు ఫోను తీసేవారు. ముందు తన మొహం, తర్వాత నాది. నా నోట్లో ఆరేళ్ళ పాత తిట్లన్నీ నాలుక చివర వరకూ వచ్చేవి. మింగేసుకుని "నమస్తే సార్" అనేదాన్ని. మొదటి వారంలో ఒక ఆలస్యం, రెండో వారంలో ఒకటి పడింది. రెండూ ఆయన వల్లే, కానీ పడింది నా పేరు మీద. ఇంకొక్కటి పడితే సెలవు పోతుంది. సెలవు పోతే పోయింది, వాళ్ళ బొంద. కానీ మండలంలో అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరిని ఏ మొహం పెట్టుకుని తిట్టేది? నాకదే భయం.

చిన్న ఆండ్రాయిడ్ ఒకటి కొనుక్కుని పోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. కొంటే మా ఆయన నెగ్గినట్టు. ఆయన పైకి ఏమీ అనడు. అరచేతిలో గింజలు చూసినట్టు ఆ ఫోను తిప్పి తిప్పి చూస్తాడంతే. ఆ చూపును నేను భరించలేను. మా తోడికోడలు చెవిన పడితే ఇంకేమైనా ఉందా? పులిని చూసి నక్క వాత పెట్టుకుందని చుట్టాలందరికీ చెబుతుంది.

మూడోవారంలో ఒకరోజు ఎనిమిదీ నలభై అయింది. గేటు దగ్గరున్నాను. హెడ్మాస్టరు గారు ఫోను చేశారు. నేరుగా మండలాఫీసు మీటింగుకు పోతున్నారట, బడి నన్ను చూసుకోమన్నారు. అంటే మూడో ఆలస్యం. అప్పుడు నా చెయ్యి దానంతటదే నడుము దగ్గరకు పోయింది. బీరువాలో ఆయమ్మ ఫోనుంది. అద్దం పగిలి, పసుపు మరకలతో, వెనక వేలు దూర్చే ఉంగరం తగిలించి ఉండే ఆండ్రాయిడ్ ఫోను. నేనెన్నిసార్లు వెక్కిరించి ఉంటానో దాన్ని. గతిలేనమ్మకు గంజే పానకం అనుకుని బీరువా తెరిచాను.

ఆయమ్మ వంటగది గడప దగ్గర బియ్యం కడుగుతోంది. నేను అడగ్గానే, తీసుకోండి టీచరమ్మా దానికేం భాగ్యం అంది. ఆ ఫోనుకు తాళం కూడా లేదు. యాప్ ఎక్కించబోతే లోపల చోటు లేదని చెప్పింది. ఏదో ఒకటి తీసేయాలి. ఆయమ్మ తడి చేతులతోనే అక్కణ్ణుంచి చెబుతూ ఉంది. శుభోదయం బొమ్మలు తీసేయమంది, తీసేశాను. పాటలు తీసేయమంది, తీసేశాను. అయినా చాలలేదు. మిగిలినవన్నీ ఆమె మనవరాలివి. పాకేది, నడిచేది, పడేది, ఏడ్చేది. వాటి మధ్యలో అన్నిటికంటే పెద్ద వీడియో ఒకటుంది. పదకొండు నిమిషాలది.

నొక్కాను. పొయ్యి మీద డేగిసా, ఉడుకుతున్న సాంబారు కనపడ్డాయి. అంతలో బొమ్మ ఊగిపోయి నేల కనపడింది. నేల మీద నా చీర అంచు, నా చెప్పులు. ఇక అక్కణ్ణుంచి నా గొంతు. నాలుగు నిమిషాల ఆలస్యానికి నేను పదకొండు నిమిషాలు తిట్టానని అంతవరకూ నాకు తెలీదు. ఆ గొంతు నాదే అయినా ఎవరో పరాయి మనిషిదిలా ఉంది. మధ్యలో ఒకటి రెండుసార్లు "తప్పయిపోయింది టీచరమ్మా" అని ఆయమ్మ గొంతు, దాని మీద మళ్ళీ నేను.

 ఆ తిట్లు గడప దగ్గర ఆయమ్మకూ వినపడ్డాయి. కోపం లేదు, నవ్వింది.

"అది మాత్రం తీయబాకండి టీచరమ్మా. మా మనవరాలు అన్నం తినకపోతే అదే పెడతా. మీ గొంతు వింటే గబగబా మింగేస్తాది."

ఆ మాట చెప్పి ఆమె బియ్యం ఎసట్లో పోయడానికి లోపలికి పోయింది. గడియారంలో తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. మనవరాలి నడకా, నా తిట్లా? తిట్లు నావే కదా, నా వస్తువు నేను తీసుకుంటే తప్పేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. తీసేశాను. ఫోనులోని చెత్తబుట్టలో మిగిలి ఉంటే చోటు ఖాళీ కాదని అక్కణ్ణుంచి కూడా తుడిచేశాను. యాప్ ఎక్కింది. గుండ్రటి గీతలో మొహం పెట్టాను. పగిలిన అద్దంలో నా మొహం మూడు ముక్కలుగా ఉంది. కళ్ళార్పమంది, ఆర్పాను. ఎనిమిదీ యాభై తొమ్మిదికి పచ్చ టిక్కు పడింది. ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు ఎక్కాలు చెబుతుంటే నా గొంతు ఎప్పటికంటే గట్టిగా ఉందని నాకే తెలుస్తూ ఉంది.

మర్నాడు పొద్దున ఆయమ్మ నన్ను చూడగానే దగ్గరకొచ్చింది. బిడ్డ నిన్న ముద్ద ముట్టలేదట, వీడియో పెడదామని చూస్తే ఎక్కడా కనపడలేదట. నేను తడుముకోలేదు. పాత ఫోను కదా, అట్టాంటి ఫోన్లలో ఉన్నట్టుండి పోతుంటాయి అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ పగిలిన ఫోను మీదకు తోశాను. ఆమె నమ్మింది. నేను చెబితే నమ్మకుండా ఎలా ఉంటుంది, ఇరవై రెండేళ్ళు ఒక్క ఆలస్యం లేని మనిషిని. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు చెవులు కుట్టించిన రోజు చుట్టాల ముందు కూడా వేయలేదు.

నేను అందులోనే హాజరు వేసుకుని తిరిగిచ్చిన ఆ ఫోనును ఆమె నా ముందు పట్టుకుంది.

"పోతే పోనీండి. ఇంకోసారి తిట్టండి టీచరమ్మా, ఆ రోజు తిట్టినట్టే. నేను పట్టుకుంటా."

సరే అన్నాను. అదేమంత పని నాకు? పైట సర్దుకుని నిలబడ్డాను. ఎర్ర చుక్క వెలిగింది. నోరు తెరిచాను. ఇంతకీ ఎవరిని తిట్టాలి? వేళకు ముందే వచ్చి, నా కోసం చెయ్యి నొప్పెట్టేలా ఫోను పట్టుకుని నిలబడ్డ మనిషిని. ఏమని తిట్టాలి? "ఏమనుకున్నావ్" అన్నాను. ఇంకోసారి "ఏమనుకున్నావ్" అన్నాను. ఆ తర్వాత పైట మళ్ళీ సర్దుకున్నాను.  గేటు దగ్గర బండి ఆపుకుంటూ హెడ్మాస్టరు గారు చోద్యం చూస్తున్నారు. తొమ్మిదయి చాలాసేపయింది, ఆయన్ని కూడా నేనేమీ అనలేదు.

ఆయమ్మ కాసేపు ఓపిగ్గా చూసి ఫోను దించింది.

"ఇట్టా తిడితే మా బిడ్డ నవ్వతాది టీచరమ్మా," అంది.

అని, ఫోను ఆపి, బీరువాలో పెట్టమని అలవాటుగా నా చేతికిచ్చింది.