ఎంగిలి కంచాలు

శనివారం పొద్దున యసిద్రా తెహాదా ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయ ముద్దను చిన్న డబ్బాలో పెట్టి, కోటు లోపల చంకలో ఇరికించుకుని, తల్లిని చెయ్యి పట్టుకుని మ్యూజియం మెట్లెక్కించింది. లోపలికి తిండి తేకూడదని తలుపు మీద ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసుంది. రెండూ ఆమెకు చదవడం వచ్చు.

మన్‌హట్టన్ ఉత్తరపు కొసన, బ్రాడ్వే మీద, ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ల మధ్య బండరాయి మీద మిగిలిపోయిన పాత డచ్చి రైతు ఇల్లు అది. వెర్‌హూల్ ఇల్లంటారు. ఆ చుట్టుపక్కల ఉండే మా డొమినికన్ వలసవాళ్లకు అది బస్సు ఎక్కడ దిగాలో చెప్పే గుర్తు, అంతే. లోపలికెళ్లి చూసినవాళ్లు తక్కువ. యసిద్రా కూడా ఆగస్టులో వాన తప్పించుకోవడానికే మొదటిసారి వెళ్లింది.

ఆమె పని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి సేవ చెయ్యడం. ఊరికి దక్షిణాన ఉండే ఒక రిటైరైన పళ్ల డాక్టరుకు వారంలో ఐదు రోజులు అన్నం తినిపిస్తుంది. ఆయన ఆమె చేతి తిండికి ఒళ్లు చేశాడు. ఇంట్లో సొంత తల్లి మాత్రం చెంచా చూస్తే నోరు బిగిస్తుంది. ఆ తల్లికి, దోన్యా యుఫేమియాకు, మతి పోయి చాలా కాలమైంది. తిండి మానేసింది మాత్రం ఈ వేసవిలోనే. సోమవారం క్లినిక్‌లో తూకం. ఎనభై ఐదు పౌండ్లకు తగ్గితే కడుపులోకి గొట్టం పెడతామని, పగలంతా మనిషి లేని ఇంటికి అలాంటి రోగిని పంపేది లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. అంటే వృద్ధాశ్రమం. అక్కడ ఎలా ఉంటుందో యసిద్రాకు తెలుసు, మొదట్లో ఒకచోట పనిచేసింది.

ఆ వాన రోజున ముసలావిడ నేలమాళిగలోని వంటగదిలోకి దిగి, రాతి పొయ్యి ముందు నిలబడి, కూతురి సంచిలోని రొట్టె తనే తీసుకుని తినేసింది. అప్పట్నుంచి ఆ ఇల్లు తెరిచి ఉన్నప్పుడల్లా, పని లేని రోజల్లా, తల్లీ కూతుళ్లు అక్కడే.

ఇల్లు చూపించే యోకస్తా మా వీధి పిల్లే. ఇక్కడే పుట్టింది.

"ఏంటత్తా, మళ్లీ వచ్చారా? ఈ ఇల్లు కొనేస్తారా ఏంటి?"

"మీ వెర్‌హూల్ వాళ్లు అద్దెకిస్తే చాలమ్మా."

"చంకలో ఏంటది?"

"థర్మామీటరు."

యోకస్తా నవ్వింది గానీ దారి వదల్లేదు. "నీ థర్మామీటరు మెతుకుల కోసం ఎలుకలొస్తున్నాయత్తా. మా ఆఫీసు పెద్దావిడ నన్ను తిట్టింది. అయినా ఇంకెన్ని రోజుల్లే. రేపు సాయంత్రం మూసేస్తున్నారు. పొగగొట్టం కూలేట్టుందట."

"మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?"

"వచ్చే ఏడాది చివరికంటున్నారు."

యసిద్రా పిల్ల చెయ్యి పట్టుకుంది. "వెనక తలుపున్నదిగా తల్లీ. మంగళవారం సాయంత్రం పావుగంట, గురువారం పావుగంట. నీ కాళ్లు పట్టుకుంటా."

"తాళాలు నా దగ్గరుండవు. తలుపు తెరిస్తే పోలీసులకు మోగుతుంది." పిల్ల గొంతు తగ్గించింది. "ఆ పొయ్యిలో వందేళ్లుగా నిప్పు లేదత్తా. ఇంట్లో మీకున్నది గ్యాసు పొయ్యి. అదన్నా వెలుగుతుంది. ఇక్కడ ఏముందని తింటోందావిడ?"

సొంత దేశంలో, మోకా కొండల్లోని ఊళ్లో, అమ్మది కట్టెల పొయ్యి. అదే కారణమనుకుంది యసిద్రా. ఆ మధ్యాహ్నం నాలుగు ఇటుకలు తెచ్చి వంటింటి నేల మీద పేర్చి, బొగ్గు రాజేసి, కుండ పెట్టింది. పొగ పసిగట్టే గంట మోగింది. పై అంతస్తు నుంచి లీద్యా దిగొచ్చి తలుపు బాదింది.

"యసిద్రా! బిల్డింగు తగలబెట్టి నన్ను కూడా నీతో స్వర్గానికి తీసుకుపోతావా?"

"నువ్వు స్వర్గానికొస్తావని ఎవరన్నారే?"

లీద్యా బకెట్టు నీళ్లు పోసి వెళ్లింది. ముసలావిడ నోరు తెరవలేదు.

ఆదివారం ఆఖరి రోజు. యోకస్తా చూడనట్టు పక్క గదిలోకి వెళ్లిపోయింది. దోన్యా యుఫేమియా పొయ్యి దగ్గరికి తిన్నగా వెళ్లలేదు. ఎప్పుడూ తిన్నగా వెళ్లేది కాదని యసిద్రాకు అప్పుడు తట్టింది. ముందు బల్ల చుట్టూ తిరుగుతుంది. ఇంటివాళ్లు ఇప్పుడే తిని పొలానికి వెళ్లినట్టు కనిపించాలని మ్యూజియం వాళ్లు ఆ బల్లను సర్దారు. మైనంతో చేసిన ఎముకలు, నలిగిన గుడ్డలు, పక్కకు జరిపిన కుర్చీలు, ఎంగిలి కంచాలు. ముసలావిడ ఒక్కో కంచాన్నీ వేలితో చూపించుకుంటూ తిరిగింది.

"అందరూ తిన్నారు," అంది. అప్పుడు చెయ్యి చాపింది. నిలబడే తిన్నది.

అమ్మ కూర్చుని తినగా యసిద్రా ఎన్నడూ చూళ్లేదు. మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు, దారినపోతూ వచ్చినవాళ్లు తిన్నాక, కుండ అడుగున మిగిలిన మాడు గీక్కుని పొయ్యి పక్కన నిలబడి తినేది. వేసవంతా అదే అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, అందరికన్నా ముందు పెడుతోంది కూతురు. పళ్ల డాక్టరుకు పెట్టినట్టే.

ఆ సాయంత్రం యసిద్రా అన్నం, ఎర్ర చిక్కుడు గింజల పులుసు, కోడికూర వండింది. తోబుట్టువులు ఆరుగురు, నాన్న. ఏడు కంచాలు పెట్టింది. వడ్డించి తల్లిని పిలిచింది. ముసలావిడ బల్ల చుట్టూ తిరిగి చూసింది.

"వీళ్లింకా తినలేదే?"

"వస్తున్నారమ్మా."

వచ్చేవాళ్లెవరూ లేరు. సగం మంది ఊళ్లో, సగం మంది మట్టిలో. తినడానికి పిలుద్దామని లీద్యా ఇంటి తలుపు కొడితే, ఆమె చర్చికి వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. తల్లిని మంచమ్మీద కూర్చోబెట్టి యసిద్రా ఒక్కతే తినడం మొదలుపెట్టింది. పారేద్దామంటే చేతులు రాలేదు. అన్నం పారేస్తే చెంప పగలగొట్టే ఇంట్లో పెరిగింది. ఎముకలు చీకి, ఒక్కో కంచం ఎంగిలి చేసి, ఒక్కో కుర్చీ వెనక్కి జరిపింది. ఐదో కంచం దగ్గర బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, వచ్చి మళ్లీ కూర్చుంది.

"అమ్మా, అందరూ తిన్నారు."

ముసలావిడ కంచాలన్నీ చూసింది. పొయ్యి దగ్గరికి వెళ్లి, కుండ అడుగు గరిటెతో గీకి, నిలబడి మాడు తిన్నది. ఇంకా గీకింది. కూతురి నోటికీ ఒక ముద్ద అందించింది. యసిద్రా మింగింది.

సోమవారం క్లినిక్‌లో తల్లిని కాటా ఎక్కించింది. ఎనభై ఆరు చూపించింది. యసిద్రా తల్లిని దించబోయింది.

"బూట్లు విప్పించమ్మా," అంది నర్సు.

విప్పించింది. ఎనభై నాలుగు.