శాన్ రామన్‌లో శనివారం: నేను చూడని పాస్

క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగనివాణ్ణి అమెరికన్ ఫుట్‌బాల్ అంపైరింగ్‌లోకి ఎందుకు దిగానని అందరూ అడుగుతారు. సన్నీవేల్ ఆఫీస్‌లో కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. డాక్టర్ నడవమన్నాడు. నడకతో పాటు తిట్లు కూడా తినొచ్చని ఈ పనికి పేరిచ్చాను. శిక్షణ అయ్యాక మొదటి హైస్కూల్ మ్యాచ్ శాన్ రామన్‌లో పడింది. ఆట పదింటికైతే ఏడున్నరకే బయల్దేరాను. శనివారం పొద్దున 680 హైవే ఖాళీగానే ఉంటుంది, ఎక్స్‌ప్రెస్ లేన్‌కి డబ్బు కట్టే పనీ లేదు. యాభై నిమిషాల్లో డబ్లిన్ చేరి, మా రెఫరీ గ్యారీ ఇంటి ముందు కారు పెట్టి, ఆయన ట్రక్కు ఎక్కాను.

ఈ ఆటలో ఇంటెన్షనల్ గ్రౌండింగ్ అని ఒక తప్పుంది. ఎదుటివాళ్ళు మీద పడబోతుంటే, క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్ విసిరేవాడు, అందుకునే మనిషి లేని చోటికి బంతిని పారేసి తప్పించుకోకూడదు. రెఫరీ కళ్ళు విసిరేవాడి మీదే ఉంటాయి. బంతి పడ్డచోట ఎవరైనా ఉన్నారా అన్నది గీత దగ్గర నిలబడ్డ నాలాంటివాడు చెప్పాలి.

చివరి రెండు నిమిషాలు. శాన్ రామన్ జట్టు నాలుగు పాయింట్లు వెనక. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ నిఖిల్, ముఖం చూడగానే మనవాడని తెలిసింది. ఇద్దరు మీదికి దూకుతుంటే నా వైపు విసిరాడు. నేను చూడాల్సిన చోటు వదిలేసి గాల్లో బంతినే చూస్తూ ఉండిపోయాను. అది నేల మీద పడింది.

"అంకుల్! హీ వాజ్ రైట్ దేర్! జారి పడ్డాడు అంకుల్!" అని అరిచాడు నిఖిల్.

ఎదుటి జట్టు కోచ్ పకపకా నవ్వాడు. "ఏంటి, నీ మేనల్లుడా?"

మన పిల్లలకి కనపడ్డ ప్రతి పెద్దాయనా అంకులేనని ఆయనకేం తెలుసు! నాకు ఒళ్ళు మండింది, మనవాడని పక్షపాతం చూపిస్తున్నానంటారని భయమూ వేసింది. గ్యారీ వచ్చి అడగ్గానే "ఎవరూ లేరు" అని ఖండితంగా చెప్పేశాను. తప్పు జరిగిందని గ్యారీ ఫ్లాగ్ విసిరాడు. ఐదు గజాలు వెనక్కి, వాళ్ళకుండే నాలుగు ప్రయత్నాల్లో ఒకటీ పోయింది. శాన్ రామన్ కోచ్ నిఖిల్‌ని తిట్టి బెంచీ మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు ఓడిపోయారు.

పన్నెండున్నరకి పార్కింగ్‌లో నిఖిల్ వాళ్ళమ్మ అతన్ని వెంటబెట్టుకుని, ఫోన్ పట్టుకొచ్చింది.

"అన్నయ్యగారూ, గొడవకి రాలేదండీ. మావాడు అబద్ధం చెప్పడు. ఈ వీడియో ఒక్కసారి చూడండి."

బంతి పడ్డచోటికి రెండడుగుల దూరంలో నిఖిల్ జట్టు కుర్రాడొకడు బోర్లా పడి లేస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సారీ నాన్నా, తప్పు నాదే," అన్నాను నిఖిల్‌తో.

"ఇట్స్ ఓకే అంకుల్. మా కోచ్‌కి చెప్తారా? నేను స్కేర్ అయ్యి పారేశా అనుకుంటున్నాడు."

గ్యారీకి చెప్పాను. "ఫలితం మారదు. పద, ఇద్దరం వెళ్దాం," అన్నాడు. నిఖిల్ వాళ్ళ కోచ్ అంతా విని, "వాడూ ఇదే చెప్పాడు. నేనే నమ్మలేదు," అన్నాడు.

తిరిగొస్తుంటే మనసు బాగోలేదు. మనవాడని వెనకేసుకురాకపోవడమే న్యాయం అనుకున్నాను. కానీ ఇంకెవరైనా పిల్లాడు 'సర్' అని అరిచుంటే, నిజం ఒప్పుకునేవాణ్ణే. ఈ పనికి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా: బయల్దేరే ముందు "నేను చూడలేదు" అని పదిసార్లు గట్టిగా అనుకుని వెళ్ళండి. నాకు ఆ ఒక్క మాటకే నోరు తిరగలేదు.