పచ్చదీపం ఎవరిని అడిగింది?

పలాసలో జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఉద్యోగంలో చేరిన కొత్త రోజులు గుర్తొస్తాయి. ఈ ఉదయమూ అంతే. ఓ జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద రెండు పచ్చదీపాలు. రెండు ఇంటర్నెట్ లైన్లూ బాగున్నాయని వాటి అర్థం. అవి ఎవరిని అడిగి ఆ మాట చెబుతున్నాయో చూశాకే లేచాను. ఆ అలవాటు మా ఆదిలక్ష్మక్క పెట్టింది. టెక్కలి బస్టాండు దగ్గర నెట్‌వర్కు పనులు చేసే చిన్న షాపు ఆమెది. ఉద్దానం మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. చదువయ్యాక నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే.

చేరిన కొత్తలో ఇద్దరం ఇదే ఆఫీసుకి వచ్చాం. రెండు లైన్లనీ కనిపెట్టుకుని ఉండి, ఒకటి ఆగిపోతే పనంతా రెండో దానికి మళ్ళించే పెట్టె ఫైర్‌వాల్. ఆ రోజు మొదటి లైను పోయింది. ఒక్క మెయిలు కదలడం లేదు, వ్యాపారి కస్సుబుస్సుమంటున్నాడు. పెట్టె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు రెండూ పచ్చగానే చూపిస్తోంది. దాన్ని ఆపి, మళ్ళీ వేసి, నేను విసిగిపోయాను.

"లైను బాగే ఉందని సూపిత్తంది కదక్కా," అన్నాను.

"ఎవుల్ని అడిగి సెప్తంది?"

"లైనిచ్చిన కంపెనీవోళ్ళ మోడెంని."

"ఆ మోడెం ఎక్కడుందే?"

చూపించాను. మా నెత్తి మీదే, గోడకి బిగించి ఉంది.

"పక్క గదిలోవోడిని కేకేసి, ఇశాపట్నంలో వోన పడతందా అని అడిగితే ఆడేటి సెప్తాడు పిల్లా?"

అప్పటికి వెలిగింది నాకు. పెట్టె అబద్ధం చెప్పలేదు! మోడెం బతికే ఉంది, తెగింది దాని అవతల. అక్క ఒక్కో లైనుకీ ఎక్కడో దూరాన ఉన్న ఒక్కో సర్వర్ చిరునామా ఇచ్చి, ఏ లైను క్షేమం ఆ లైనులోంచే వెళ్ళి అడిగేలా మార్చింది. చూస్తుండగానే మొదటి దీపం ఎర్రబడింది, పని రెండో లైను మీదకి మళ్ళింది, మెయిళ్ళు కదిలాయి.

రోజూ షాపు తెరవగానే "అక్కా, బాగున్నావా?" అనేదాన్ని. "నాకేటే, బాగే," అనేది. ముఖం ఉబ్బినట్టుంటే నిద్ర చాలలేదనేది. కొన్ని మధ్యాహ్నాలు ఫోను ఎత్తేది కాదు, పని మీద ఉందనుకునేదాన్ని. కిడ్నీల జబ్బు సంగతి తెలియని ఇల్లు ఉద్దానంలో లేదు. అయినా ఆ గొంతుకీ, ఆ నవ్వుకీ జబ్బు చేస్తుందని ఎలా అనుకుంటాం?

ఓ మధ్యాహ్నం, లైను పోయిందని డయాలసిస్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది. అక్క ఫోను ఎత్తలేదు, నేనే వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద, చేతికి రక్తపు గొట్టాలతో, అక్క! ఎవరో పోలికగల మనిషేమోనని మళ్ళీ చూశాను. అక్కే.

"రోజూ అడిగేను కదక్కా! బాగే అన్నావు!"

"నువ్వు నోటిని అడిగినావు పిల్లా. నోరు గుమ్మంలోనే ఉంటాది," అని నవ్వింది. "ఏడుపు తరవాత. ముందు లైను సూడు."

చూశాను. ఆ లైను ఎలా బాగుచేశానో మాత్రం ఇప్పటికీ గుర్తు లేదు.

అక్క ఇప్పుడు లేదు. షాపు నేనే నడుపుతున్నాను. ఈ రోజు పలాస నుంచి ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు లావెక్కినట్టు కనిపించాయి. మా అమ్మదీ ఉద్దానమే.

"ఏటమ్మా, ఒంట్లో ఎలాగుంది?"

"నాకేటే, బాగే," అంది నవ్వుతూ.

అదే మాట. అదే నవ్వు.

"సెప్పులేసుకోమ్మా," అన్నాను. "రక్తం పరీక్షకి ఎల్దాం."