ల్యాప్‌టాప్ ఎవరిదైతే ప్రాజెక్టు వాళ్ళది

మా ఇంట్లో ఏ యంత్రం కొనాలన్నా మావయ్యదే చివరి మాట. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఆయనది. మిక్సీ ఆయనే చూశాడు, వాషింగ్ మెషీన్ ఆయనే చూశాడు, నాన్న స్కూటర్ మార్చినప్పుడు ఇంజను శబ్దం విని తల ఊపిందీ ఆయనే. అందుకని నాకు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చి కంప్యూటర్ కొనాల్సి వచ్చినప్పుడు, వాడబోయేది నేనన్న సంగతి ఎవరికీ ముఖ్యంగా తోచలేదు.

రెండు నెలలు వెతికి నేనొక ల్యాప్‌టాప్ ఎంచుకున్నాను. వివరాలన్నీ కాగితం మీద రాసుకుని షాపుకి తీసుకెళ్ళాను. గవర్నర్‌పేటలో ఆ షాపాయన దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టగానే మావయ్య రెండు వేళ్ళతో పైకెత్తి చూశాడు.

“ఇంత తేలిగ్గా ఉందేంటండీ? లోపల సరుకుందా అసలు?”

“కొత్త మోడలండీ. స్లిమ్ముగా వస్తుందండీ.”

“కీబోర్డు పోతే?”

“పై ప్యానెల్ మొత్తం మార్చాలండీ.”

“ర్యామ్ ఇంకోటి వేసుకోవచ్చా?”

“ఇందులో బోర్డుకే అతికించి వస్తుందండీ. వేసుకోడానికి ఉండదు.”

మావయ్య నా వైపు తిరిగాడు. “విన్నావా అమ్మాయ్? ఒక్క బోల్టు పోతే బండి మొత్తం తుక్కుకే.”

“నేను రోజూ కాలేజీకి తీసుకెళ్ళాలి మావయ్యా.”

“మోసుకెళ్ళడానికి అదేమన్నా టిఫిన్ బాక్సా? కాలేజీలో కంప్యూటర్లు లేవా? లేకపోతే మీ నాన్న ఫీజు దేనికి కడుతున్నట్టు?”

నాన్న అక్కడే ఉన్నాడు. ఫ్యాన్ కింద నిలబడి ఏదో కరపత్రం చదువుతున్నాడు. అది ప్రింటర్ల గురించి. మేము ప్రింటర్ కొనడానికి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చింది, విడి భాగాలు కొని బిగించిన డెస్క్‌టాప్. వారం తర్వాత దానికోసం షెడ్డులో ప్రత్యేకంగా చేయించిన ఇనుప బల్ల వచ్చింది. లారీకి వేసే నీలం రంగు, అంచున పసుపు గీత, క్యాబినెట్ అదరకుండా కింద మందపాటి రబ్బరు ముక్క. పక్కింటి వాళ్ళు వచ్చి బల్లని మెచ్చుకుని వెళ్ళారు. నా కాగితం ఏమైందో తెలియదు.

యంత్రం మంచిదేనని ఒప్పుకోవాలి. నాకు ఎక్కువ మండేది అక్కడే. పాడైపోయి ఉంటే కనీసం నాలుగు మాటలు అనేదాన్ని. నాలుగేళ్ళలో ఒక్కసారీ ఆగలేదు. మూడో ఏడు గ్రాఫిక్స్ కార్డు వేయించి, “చూశావా, వేసుకోగలిగాం,” అన్నాడు మావయ్య.

మా కాలేజీ మైలవరం వైపు. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర కాలేజీ బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. అందరి బ్యాగుల్లో ల్యాప్‌టాప్‌లు, నా బ్యాగులో పెన్‌డ్రైవ్. ల్యాబ్ కంప్యూటర్లకి వైరస్ వస్తుందని పెన్‌డ్రైవ్ పెట్టనిచ్చేవారు కాదు. అందుకని ఎవరో ఒకరిని బతిమాలాలి. ఒకమ్మాయి, “చార్జింగ్ అయిపోవచ్చిందే, ఏమనుకోకు,” అని మూత వేసేసింది. ఎనభై శాతం ఉంది. నేను చూశాను.

నాలుగో ఏడు ప్రాజెక్టుకి ముగ్గురం ఒక టీమ్: నేనూ, ఇంకో అమ్మాయీ, ఒక అబ్బాయీ. వరి ఆకు ఫోటో చూసి ఏ తెగులో చెప్పే ప్రోగ్రాం. కంకిపాడు, ఉయ్యూరు వైపు చేలగట్ల మీద తిరిగి ఫోటోలు తీసింది నేను. కోడ్ రాసింది నేను. వేల ఫోటోలతో దానికి నేర్పించడం ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ వల్ల కాలేదు, పది నిమిషాలకే పెనంలా కాలిపోయేది. అదంతా మా ఇంట్లో నీలం బల్ల మీదే జరిగింది. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, కాలేజీలో చూపించడానికి అతని ల్యాప్‌టాప్‌లో వేసేదాన్ని.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ నోటితో చెప్పలేదు గానీ అందరూ పాటించేవారు. ల్యాప్‌టాప్ ఎవరిదైతే వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, మిగతావాళ్ళు వెనక నిలబడతారు, ప్రశ్నలన్నీ కూర్చున్నవాళ్ళకే. మొదటి రివ్యూలో గైడ్ మేడమ్ అతన్ని అడిగారు, అగ్గితెగులునీ గోధుమమచ్చ తెగులునీ ప్రోగ్రాం ఎలా వేరు చేస్తోందని. అతను స్క్రీన్ వంక చూశాడు.

“అగ్గితెగులుకైతే నూలుకండె ఆకారంలో మచ్చలుంటాయి మేడమ్,” అని నేను అందుకున్నాను.

“నువ్వు ముందు రిపోర్టు సంగతి చూడమ్మా, అన్నీ టైపింగ్ తప్పులే,” అన్నారావిడ.

రిపోర్టు టైపు చేసింది అతను.

“కోడ్ నేను రాశానండీ,” అన్నాను.

“మరి నీ సిస్టమ్ తెచ్చుకోకపోయావా?”

“డెస్క్‌టాపండీ.”

“ఇంకా డెస్క్‌టాపేంటమ్మా, బ్యాంకు కౌంటర్లో కూర్చోడానికా?”

గదిలో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పగలను.

చివరి వైవాకి బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ రోజు కుర్చీలో నేనే కూర్చోవాలని నిశ్చయించుకున్నాను. షెడ్డు బండిలో పంపిస్తానన్నాడు మావయ్య. వద్దన్నాను. క్యాబినెట్‌ని పక్క సీటులో పెట్టి చున్నీతో కట్టి, మానిటర్‌ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కాలేజీ బస్సులోనే వెళ్ళాను.

“ఏంటమ్మా, కాపురం మార్చేస్తున్నావా?” అన్నాడు డ్రైవరు.

ఇబ్రహీంపట్నం దాటాక ప్రతి గుంతకీ క్యాబినెట్‌ని రెండు చేతులా పట్టుకున్నాను. మా టీమ్‌లో అమ్మాయి గేటు దగ్గరికి వచ్చి మానిటర్ అందుకుంది. మూడో అంతస్తు దాకా చెరొకటి మోశాం. ఇది ఆ అమ్మాయి లెక్కలో రాయాల్సిన మంచి.

“ఇదంతా దేనికి? నా ల్యాప్‌టాప్‌లో ఉందిగా,” అన్నాడు మా టీమ్ అబ్బాయి.

“నీ ల్యాప్‌టాప్‌లో ఉండటమే నా బాధ,” అన్నాను.

వైర్లన్నీ బిగించి బటన్ నొక్కాను. ఆన్ అయింది. ఎగ్జామినర్ వచ్చేసరికి కుర్చీలో నేనున్నాను. ఇరవై నిమిషాల పాటు నన్నే అడిగారు, నేనే చెప్పాను. చివర్లో ఆయన తన ఫోన్‌లోంచి ఒక ఆకు ఫోటో పంపించారు. ప్రోగ్రాం అగ్గితెగులు అని చూపించింది.

“మా చేలోదేనమ్మా. వ్యవసాయాధికారి కూడా అదే చెప్పాడు,” అని, గైడ్ మేడమ్ వైపు తిరిగి, “ఈ అమ్మాయి పని బాగుందండీ. నోటీసు బోర్డులో పెట్టించండి,” అన్నారు.

ఆయన వెళ్ళిన తర్వాత మేడమ్ ఫోటో తీయించడానికి మనిషిని పిలిచారు. ఆ మనిషి ఫోన్ ఎత్తి పట్టుకోగానే మేడమ్ ఆపేశారు.

“వైర్లన్నీ కనిపిస్తున్నాయి, బాగోదు. ఆ డబ్బా పక్కకి జరిపి ల్యాప్‌టాప్ పెట్టండి.”

మా టీమ్ అబ్బాయి బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద తెరిచి పెట్టాడు. ఆన్ కూడా చేయలేదు.

“ప్రోగ్రాం నడిచింది ఈ డెస్క్‌టాప్‌లో కదండీ మేడమ్,” అన్నాను.

“ఫోటోలో నడవక్కర్లేదు కదమ్మా. వచ్చి నిలబడు.”

రెండుసార్లు పిలిచారు. పిలవలేదని చెప్పను. నేను మానిటర్ కేబుల్ విప్పి చుట్టుకుంటూ ఉండిపోయాను. మూడోసారి పిలవలేదు.

మార్కులు ముగ్గురికీ సమానంగా వచ్చాయి, టీమ్ ప్రాజెక్టుకి అంతేనట. బోర్డులో ఫోటో కింద మూడు పేర్లు ఉన్నాయి, నాది మూడోది. ఫోటోలో ఇద్దరే ఉన్నారు, వాళ్ళ ముందు నల్లటి స్క్రీన్.

“వెళ్ళి నిలబడితే ఏం పోయిందే? నువ్వు చేసిందని నలుగురికీ తెలిసేది కదా,” అంది అమ్మ.

ఆపేసి ఉన్న ల్యాప్‌టాప్ వెనక నిలబడి నవ్వడం నాకు రాదన్నాను. ఇప్పుడు పిలిచినా వెళ్ళను.