గొడుగు గుర్తుకు రెండే ఓట్లు

మొన్న పొద్దున పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. అంగన్‌వాడీ టీచరట. ఓటర్ల జాబితా సరిచూసే పని కూడా ఆమె నెత్తినే పెట్టారు. చేతిలో ఫోను, చంకలో కాగితాల కట్ట, మొహం నిండా చెమట. మంచినీళ్ళిస్తే తాగి, "తాతగారూ, పాత లిస్టులో మీ ఓటు ఏ నియోజకవర్గంలో ఉండీదండి?" అని అడిగింది. చెప్పాను. ఫోనులో పైకి జరిపింది, కిందికి జరిపింది. "ఆ పేరుతో ఏటీ రాట్లేదండి" అంది. "రాదమ్మా, దాన్ని ముక్కలు చేసి పంచేసి చాలా కాలమైంది" అన్నాను. నవ్వాలో, అయ్యో అనాలో తెలియక కాగితం మీద ఏదో గీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పూట దువ్వాడ స్టేషన్లో ఆగిన బళ్ళన్నీ వింటూ అరుగు మీదే కూర్చుండిపోయాను.

ఆ నియోజకవర్గం పోయినందుకు నాకు బెంగ అనుకునేరు. బతికున్నన్నాళ్ళూ అది వెలగబెట్టిందేమిటి గనక? మొదట గెలిచినాయన జమీందారు గారి చుట్టం. ఐదేళ్ళలో మా ఊరికి ఒక్కసారి వచ్చాడు, అదీ కారు దిగలేదు. అద్దం దింపి చెయ్యి బయట పెడితే మావాళ్ళు ఆ చేతికే దండ తొడిగి మురిసిపోయారు. తరవాతివాడు అసెంబ్లీలో ఒకే ఒక్కసారి నోరు తెరిచాడని, అది ఆవలించడానికని చెప్పుకునేవారు. ఇంకొకడు పార్టీలు మారిన వేగానికి గోడల మీద రంగు ఆరేది కాదు. మా గెడ్డ మీద వంతెనకి ముగ్గురు వేర్వేరుగా కొబ్బరికాయలు కొట్టారు. వంతెన కట్టేలోగా గెడ్డనే పూడ్చేశారు. వీళ్ళందరినీ గెలిపించిన మేము వీళ్ళకంటే గొప్పవాళ్ళమా అంటే, దానికి సమాధానంగానే ఈ సంగతి రాస్తున్నాను.

ముందు ఒక ముక్క చెప్పాలి. మా ఊళ్ళో మనిషికి ఎప్పుడూ రెండు ఓట్లే. తొలి రోజుల్లో మాది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం అందరికీ, ఒకటి రిజర్వుడు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. మా నాన్న రెండు కాగితాలు రెండు పెట్టెల్లో వేసి వచ్చి, కలెక్టరుకైనా నాకైనా రెండేనని నెల్లాళ్ళు మీసం దువ్వుకున్నాడు. ఆ పద్ధతి ఎత్తేశాక కూడా అసెంబ్లీకి ఒకటి, ఢిల్లీకి ఒకటి ఒకేసారి పెట్టడంతో మళ్ళీ చేతిలో రెండు కాగితాలే. ఎందుకు రెండన్నది మాకెవరికీ పట్టలేదు. మనిషికి రెండు కళ్ళున్నట్టు రెండు ఓట్లు, అంతే.

నేను బడికి వెళ్ళింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా పకోడీలు కట్టిన కాగితాల మీద, పాత పేపర్ల మీద సాగింది. రచ్చబండ దగ్గర కూర్చుని పేపరు గట్టిగా చదివి వినిపించేవాణ్ణి గనక ఊళ్ళో నన్ను 'పేపరోడు' అనేవారు. నాకది డాక్టరేటు కంటే ఎక్కువగా ఉండేది. నాకు పుస్తకాలిచ్చి ఈ పిచ్చి ఎక్కించింది మా బావ, అంటే మా అక్క భర్త. మా ఊరి బడిలో మాస్టారు. మనిషి సన్నం, మాట మెత్తన, పట్టుదల మాత్రం ఇనప మేకు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుంది, ఊళ్ళు లేచిపోతాయి అన్న మాట గట్టిపడుతున్న రోజులవి. పోయే భూముల గురించి అడిగేవాడొకడు అసెంబ్లీలో ఉండాలని, మాస్టారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, బావ స్వతంత్రంగా నిలబడ్డాడు. గొడుగు గుర్తు.

"ఉజ్జోగం ఒగ్గేసి ఊరి మీద పడతావేటి?" అంది అక్క.

"గెలుత్తానని నానన్నేదే. మనూరు నా ఎనక ఉందని తెలిస్తే సాలు. మనోళ్ళే నాకు ఎయ్యకపోతే ఈ ఊళ్ళో ఎవులికీ మొహం సూపించను" అన్నాడు బావ. ఆయన ఉత్తినే అనే మనిషి కాదని మా ఇద్దరికీ తెలుసు.

అవతల నిలబడ్డవాడు సారా దుకాణాల పాటదారు. తక్కెడ గుర్తు. ఆ చేతుల్లో తక్కెడ చూసి ఒక్కడూ నవ్వలేదు, మా జనం అలాంటివాళ్ళు. పోలింగుకి మూడు రోజుల ముందు వాడి మనుషులు జీపులో వచ్చి, ఇంటికో చీర, మగాడికో సీసా పంచారు. తరవాత అసలు పని మొదలెట్టారు. బావా అక్కా పక్క ఊళ్ళకి ప్రచారానికి వెళ్ళిన పూట చూసి, ఊరందరినీ అమ్మవారి గుడి ముందు నిలబెట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరి చేతా ఆర్పించి ఒట్టు వేయించారు. చర్చి వీధివాళ్ళ చేత బైబిలు మీద చెయ్యి పెట్టించారు. చీర తీసుకోవడానికి ముందుకు తోసుకున్నవాళ్ళు, కర్పూరం ఆర్పాక తలవంచుకుని ఇళ్ళకి పోయారు. తిరగబడి ఒక్కడైనా పొమ్మనలేదు. నేనూ అనలేదు. నా చేత్తోనూ ఒకసారి ఆర్పాను.

ఆ సాయంత్రమే మా వీధి పెద్దమ్మ పది మందిని వెంటేసుకుని వచ్చింది. ఆమె మనవలందరికీ అక్షరాలు దిద్దించింది బావే.

"ఒరే పేపరోడా, అమ్మోరి మీద ఒట్టేసీసినాం. మాస్టారికి ఎయ్యకపోతే ముద్ద దిగదు. ఏటి సేత్తాంరా?"

"ఒట్టు ఏటని ఏసినారు?" అన్నాను, వకీలు లాగా.

"తక్కిడి మీద గుద్దుతామని."

"గొడుగు మీద గుద్దమని అన్నారా?"

"నేదు."

"మరింకేటి? తక్కిడి మీదోటి గుద్దండి, గొడుగు మీదోటి గుద్దండి. మనకెప్పుడూ రెండోట్లే కదా."

ఆ ఏడు ఢిల్లీ ఎన్నిక విడిగా ముందే అయిపోయింది. అందుకే ఈసారి కాగితం ఒక్కటే. మనిషికి రెండు ఓట్లుండి కాగితం ఒక్కటే ఇస్తే రెండు ముద్రలూ దాని మీదే వెయ్యాలని నేను తేల్చాను. బావని అడిగి ఉంటే ఒక్క మాటలో సరిపోయేది. అడిగితే కర్పూరం సంగతి చెప్పాలి, నేనూ ఆర్పానని చెప్పాలి. అడగలేదు. "సదూకున్నోడివి, నీ నోట్లో పంచదార పొయ్య" అని పెద్దమ్మ నా గడ్డం పుచ్చుకుంది. పోలింగు రోజున ఊరంతా స్నానాలు చేసి, అమ్మవారికీ మాస్టారికీ ఇద్దరికీ న్యాయం చేశామన్న తృప్తితో వరసలో నిలబడి, ఒక్కో కాగితం మీద రెండేసి గుద్దులు గుద్ది వచ్చారు. నేనూ గుద్దాను.

లెక్కింపు రోజున బావ తరఫు ఏజెంటుగా లోపల కూర్చున్నది నేనే. బావ బయట రేకుల షెడ్డు కింద నిలబడ్డాడు. మా ఊరి పెట్టె విప్పారు. ఆఫీసరు మొదటి కాగితం ఎత్తి చూపించి, "రెండు ముద్రలు. చెల్లదు" అని పక్కన పడేశాడు. రెండోది, చెల్లదు. మూడోది, చెల్లదు. కాసేపటికి ఆయన చూపించడం కూడా మానేసి నవ్వుకుంటూ కట్ట కట్టేశాడు. మా ఊరివాళ్ళ ప్రేమంతా, భయమంతా ఆ కట్టలో దారం చుట్టుకుని పోయాయి. గొడుగు ఒక్కదాని మీదే ముద్ర ఉన్నవి రెండు తేలాయి. ఒకటి బావది, ఒకటి అక్కది. కర్పూరం దగ్గరికి పోనివాళ్ళు ఊళ్ళో ఆ ఇద్దరే.

బయటికి వచ్చాను. "మనూరివి ఎన్ని?" అన్నాడు బావ. "రెండు" అన్నాను. చెల్లనివి ఎన్నో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క వాక్యం. కాని ఆ వాక్యంలో నేను పేపరోణ్ణి కాకుండా పోతాను. పాటదారు వేరే ఊళ్ళ ఓట్లతో గెలిచాడు. మా ఊరు తనకీ వెయ్యలేదని తెలుసుకుని, భూములు కొలిచే రోజుల్లో అటువైపు కన్నెత్తి చూడలేదు. బావ ఊళ్ళో అడుగు పెట్టకుండా అటునించి అటే నగరంలోని వన్ టౌన్‌కి వెళ్ళిపోయాడు. ఉల్లిపాయల గొడౌను మేడ మీద ఒక గది, హార్బరులో బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా పని. మర్నాడు అక్క సామాను బండికెత్తుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకి పెద్దమ్మ వెతుక్కుంటూ వెళ్ళి, "మేం ఏసినాం మాస్టారూ" అని మెట్ల మీద నిలబడి పిలిచిందట. ఆయన తలుపు తియ్యలేదు. ఓటెయ్యకపోగా అబద్ధం కూడా ఆడుతోందనుకున్నాడు.

తరవాత ఫ్యాక్టరీ వచ్చింది. ఊరు లేచింది, మనుషులు కాలనీలకి చెదిరిపోయారు. పెద్దమ్మ పోయింది, అక్క పోయింది. నియోజకవర్గాన్ని కూడా రద్దు చేసి కొంత నగరానికి, కొంత పక్కవాటికి కలిపేశారని పేపర్లో పడింది. ఆ పేపరు పట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను. బావ కళ్ళకి శుక్లాలు, చదివి వినిపించమన్నాడు. చదివాను. "పోనీలే, దరిద్రం వొదిలింది" అని నవ్వాడు. నియోజకవర్గం చచ్చింది గనక ఇక భయం లేదనిపించిందో ఏమో, ముప్పై ఏళ్ళ పైబడి మింగినది అప్పుడు కక్కాను.

"మనూరోళ్ళు నీకు ఏసినారు బావా. తక్కిడి మీదా గుద్దినారు, గొడుగు మీదా గుద్దినారు. సెల్లకుండా పోయినాయి. అలా గుద్దమని సెప్పింది నానే."

బావ మంచం పట్టె పట్టుకుని నా గొంతు వైపు తిరిగాడు.

"ఎంతమంది?" అన్నాడు.

"ఊరంతా."

"ఆ ముసిల్దీ?"

"ఆవిడే ముందు."

నన్ను కొడతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఏదైనా బాగుండేది. ఆయన లేచి, కొక్కానికున్న చొక్కా తడుముకుని తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"ఎక్కడికెల్తాంరా?" అన్నాడు.

ఊరున్న చోట ఫ్యాక్టరీ గోడే ఉంది. కాసేపయ్యాక తనే వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాడు, ఆ చొక్కా అలాగే ఉంచుకుని. మరి రెండేళ్ళు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చెప్పవలసిన నిజాన్ని తీరిక చూసుకుని చెప్పవచ్చునని దాచుకుంటాం. ఆ లోపల కాలం మనుషులనే కాదు, వాళ్ళు తిరిగి వెళ్ళవలసిన దారిని కూడా పట్టుకుపోతుంది.