పచ్చగానే ఉన్న మూడో గడి

దూరాన ఉన్న సర్వర్లు నడుస్తున్నాయో లేదో రాజమండ్రిలో కూర్చుని కనిపెట్టడం నా ఉద్యోగం. మండపేటలోని ఒక రైసు మిల్లులో అటువంటివి మూడు ఉండేవి. మూడింటికీ కలిపి ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే, బయటికి కనిపించే చిరునామా ఒకటే. అందువల్ల నేను ఇక్కడినుంచి ఏ ఒక్కదాన్నీ విడిగా పలకరించలేను. అవే అయిదు నిమిషాలకొకసారి కబురు పంపేవి. కబురు అందితే నా తెరమీద దాని గడి పచ్చగా ఉండేది, అందకపోతే ఎర్రబడేది.

ఆ దసరాకు మిల్లులో కాటాతో పాటు కంప్యూటర్లను కూడా ఆపి, బొట్లు పెట్టి పూజ చేశారు. మర్నాడు అక్కడి ముసలి గుమాస్తాగారు ఫోను చేశారు.

"బాబుగారూ, మూడోది లేవలేదేమోనండి. ఫ్యాను చప్పుడు వినపట్టంలేదు."

"ఇక్కడ పచ్చగానే ఉందండి."

"అయితే ఆ పసుపూ కుంకం నా చెవులకి రాయాల్సిందండి! చదువుకున్నోరు, మీరు చెప్పాక ఇంకేంటి," అని నవ్వారు.

మా వంశంలో పట్టా పుచ్చుకున్నది నేనొక్కడినే. ఆ మాట నాకు బాగుంది. పెట్టె మీద చెయ్యి వేసి చూడమని కూడా అడగలేదు.

మిగతా రెండింటి లెక్కలకు నకలు దాచేది ఆ మూడో యంత్రమే. పది రోజులకు, ఆ రెండింటిలో ఒకటైన కాటా గది కంప్యూటరులో లెక్కలు చెరిగిపోయాయి. నకలు వెతికితే, పండుగ తరువాతి తూకం ఒక్కటీ లేదు. యజమాని నాకు ఫోను చేసి అడిగారు. నేను తెర చూసి, పండుగ తరువాత మూడోది ఒక్కరోజు కూడా ఆగలేదని చెప్పాను.

"అయితే ఈయనే ఏదో నొక్కేశాడండి. పైగా చప్పుడు రాలేదంటాడు. చెవుడొచ్చిన మనిషి," అన్నారు. మర్నాటినుంచి గుమాస్తాగారిని రావద్దన్నారు.

ఆ వారంలోనే నేను మండపేట వెళ్లాను. మూడో యంత్రం చల్లగా ఉంది. దానిమీద కుంకుమ ఎండిపోయి ఉంది. కబురు ఎవరిదో పేరునుబట్టి కాక, వచ్చిన చిరునామానుబట్టి గుర్తించేలా ఏర్పాటు చేసింది నేనే. ఆ చిరునామా మూడింటిదీ ఒకటే కనుక, ఏ ఒక్కటి పలికినా మూడూ పలికినట్టే లెక్క. ప్రతి కబురులోనూ పంపిన యంత్రం పేరు చేర్చాను. మూడో గడి అప్పుడు ఎర్రబడింది.

తప్పు నాదని యజమానికి చెప్పాను. "పోన్లెండి. ఆ కుర్చీలో మా బావమరిదిని కూర్చోబెట్టేశాం కదండీ," అన్నారు.

గుమాస్తాగారు ఇంటి అరుగు మీద ఉన్నారు. అంతా చెప్పాను. ఆయన లోపలికి తిరిగి భార్యతో గట్టిగా అన్నారు:

"విన్నావా? నా చెవులు బానే ఉన్నాయంట."