తలుపు మీది పదకొండు పేర్లు

ఆ శనివారం హ్యూయీ గెడ్డెస్ తలుపుకి గుచ్చిన కాగితం ఇంకా నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

హ్యూయీ, నేనూ కిర్క్‌బర్న్ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. పదహారేళ్ళకి బొగ్గు గనిలో దిగాడు, ఆ ఏడే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ తొడిగాడు. ఇరవై ఏళ్ళు ఐదో నంబరు వాడిదే. వానకి నాని రాయిలా బరువెక్కిన తోలు బంతిని నుదుటితో వెనక్కి కొట్టేవాడు. ఆటయ్యాక ఎవరైనా స్కోరెంత అంటే ఒక్కోసారి వెర్రిచూపులు చూసేవాడు. మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం. అది తలుచుకుంటే ఇవాళ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గ్లాస్గోలో పెద్ద క్లబ్బొకటి పిలిస్తే వెళ్ళి, ఎనిమిది వారాల్లో తిరిగొచ్చాడు. "అక్కడి మాంసం కూరిన రొట్టెలు నోట పెట్టేలా లేవే, నెట్టా" అన్నాడు. నెట్టా అంటే నేనే. నలభై ఏళ్ళుగా జట్టు జెర్సీలు ఉతికేది నేను. మా ఆయన ఆర్చీ ఆరో నంబరు, హ్యూయీ పక్కనే ఆడేవాడు.

ఆట మానేశాక హ్యూయీ మా జట్టుకే మేనేజరయ్యాడు. నోరు మాత్రం మహా చెడ్డది. "నెట్టా తీగ మీద ఆరేసిన దుప్పటి నీకంటే ఎక్కువ బంతులు ఆపుతుంది కదరా!" అని గోల్‌కీపర్‌ని అందరి ముందూ కడిగేసేవాడు. ప్రతి శనివారం పావుతక్కువ రెండింటికి, నీలం పెన్సిలుతో జట్టు పేర్లు రాసి డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి గుచ్చేవాడు. కాగితం పడ్డాక ఎవరూ నోరెత్తకూడదు.

పోయిన ఏప్రిల్‌లో ఆఖరి మ్యాచ్. ఓడితే కింది డివిజన్‌కి పోతాం, హ్యూయీ ఉద్యోగం ఊడుతుంది. పైన కమిటీ గదిలో వాళ్ళు అందుకే కాచుకుని ఉన్నారు. నేను జెర్సీలు తగిలిస్తుంటే తలుపు దగ్గర ఆటగాళ్ళ నవ్వులు వినిపించాయి. వెళ్ళి చూశాను. కాగితం మీద డెబ్బై నాలుగు నాటి జట్టు ఉంది. ఐదు, గెడ్డెస్. ఆరు, మా ఆర్చీ.

"బాస్ మనకి వాత పెట్టాడ్రోయ్! మీకంటే ముసలాళ్ళే నయం అంటున్నాడు" అన్నాడు కెప్టెన్ రోరీ. నేనూ నవ్వాను. కిందటి వారం ఐదు గోల్స్ తిన్నవాళ్ళకి ఆమాత్రం పడాల్సిందే అనుకున్నాను.

హ్యూయీ లోపలికొచ్చాడు. వాడి మొహంలో నవ్వు లేదు.

"ఎవర్రా మీరంతా? ఇక్కడేం పని?" అని నా వైపు తిరిగాడు. "ఏమే నెట్టా, నీ మొగుడేడీ? ఇంకా బట్టలు మార్చుకోలేదా?"

నా చేతిలో జెర్సీ జారిపోయింది. ఆర్చీ పోయి ఎనిమిదేళ్ళయింది. శవపేటికని గోతిలోకి దింపినప్పుడు కాళ్ళవైపు తాడు పట్టుకున్నవాడు ఈ హ్యూయీయే.

రోరీ కమిటీ వాళ్ళని పిలవడానికి కదిలాడు. "అడుగు బయటపెట్టావంటే కాళ్ళిరగ్గొడతాను" అని తలుపు గడియ వేశాను. ఇంత బతుకు బతికినవాణ్ణి ఆ కోటుగాళ్ళు పిచ్చోడని గెంటేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా?

"ఆర్చీకి మోకాలు పట్టేసింది హ్యూయీ. ఇవాళ ఆడలేడు."

"చచ్చాం పో. మరి ఆరో నంబరు ఎవరు?"

"ఇదిగో, ఈ రోరీ."

హ్యూయీ వాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎడమవైపు వదలకు. వాళ్ళ తొమ్మిదో నంబరువాడు అటే తిరుగుతాడు" అన్నాడు. అది ఇవాళ్టి తొమ్మిదో నంబరువాడి సంగతే, పొల్లు పోలేదు.

అలా ఒక్కో పేరుకీ ఒక్కో దెబ్బ కల్పించాను. ఒకడికి చీలమండ, ఒకడికి తొడ, గోల్‌కీపర్‌కి జ్వరం. వాళ్ళలో సగంమంది ఇప్పుడు మట్టిలో ఉన్నారు. హ్యూయీ ఒక్కో పేరూ కొట్టేసి, పక్కన కొత్త పేరు రాసుకుంటూ పోయాడు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే తమ పేరు చెప్పి జెర్సీ అందుకున్నారు. ఇప్పుడు ఎవడూ నవ్వడం లేదు.

చివరికి ఐదో నంబరు జెర్సీ ఒక్కటే మిగిలింది. అది వేసుకోవాల్సినవాడు చెయ్యి చాపలేక నా మొహం చూశాడు. పెన్సిలు హ్యూయీ సొంత పేరు మీదే ఆగిపోయింది. వాడు తలెత్తాడు.

"మరి నాకేమైందే, నెట్టా? నాకెక్కడ తగిలింది?"

పదిమందికి దెబ్బలు కల్పించిన నోరు నాది. వీడికి కల్పించక్కర్లేదు. చెయ్యి చాపి, ఇరవై ఏళ్ళు ఆ తోలు బంతిని కొట్టిన వాడి నుదుటి మీద పెట్టాను.